పడావు భూముల్లో పండిన జొన్న – జహీరాబాదు మహిళా సంఘాల కృషి

గ్రామీణాభివృద్ధి, సుస్థిరాభివృద్ధి, మహిళా సాధికారత – ఎకనామిక్స్, సోషల్ వర్క్ చదివే మన విద్యార్థుల పాఠ్యపుస్తకాలలో ఈ మాటలు తరచుగా కనిపిస్తాయి. పరీక్షలో వీటికి నిర్వచనం వ్రాసి మార్కులు తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. కానీ భూమి ఉండి కూడా తిండికి లేని ఇంట్లో ఈ మాటలకు అర్థమేమిటో తెలియాలంటే, నిజంగా జరిగిన ఒక పనిని దగ్గరగా చూడాలి. తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డి.డి.ఎస్.) చేసిన పని అటువంటిది.

ఈ సంస్థ 1983లో ప్రారంభమైంది. దాని స్థాపకులలో ముఖ్యులు, దూరదర్శన్‌లో ప్రొడ్యూసరుగా పనిచేసిన పి.వి. సతీష్ గారు. 2023 మార్చిలో మరణించేదాకా ఆయన ఈ సంస్థతోనే ఉన్నారు. అప్పటి మెదక్ జిల్లాలోని (2016 నుంచి సంగారెడ్డి జిల్లా) పస్తాపూరు గ్రామం కేంద్రంగా ఊరూరా పేద మహిళలతో ‘సంఘాలు’ ఏర్పడ్డాయి. క్రమంగా అవి సుమారు 75 గ్రామాలకు, 5,000 మంది సభ్యులకు విస్తరించాయి. వీరిలో అత్యధికులు దళిత మహిళలు, బడి ముఖం చూడనివారు.

ఈ కుటుంబాలకు భూమి బొత్తిగా లేదనుకోవద్దు. ప్రభుత్వం పంచిన ఎకరమో, రెండెకరాలో చాలామందికి ఉండేది. అయితే అది రాళ్లు తేలిన నేల. గట్లు లేక పైమట్టి వానకు కొట్టుకుపోయేది. దున్నడానికి ఎద్దులు లేవు, విత్తనానికి డబ్బు లేదు. పట్టా పెట్టెలో ఉంటే చేను పడావు పడి ఉండేది. ఆ చేను గలవారు మరొకరి పొలంలో కూలికి వెళ్లేవారు.

సంస్థ పుట్టిన 1983లోనే ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని తెచ్చింది. ఆ బియ్యం ఎందరో పేదల ఇళ్లలో పొయ్యి వెలిగించింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. కానీ వర్షాధారమైన మెట్ట ప్రాంతాలలో దానికి మరో ఫలితం కూడా కనిపించింది. చౌకగా బియ్యం దొరుకుతుంటే కష్టపడి జొన్న వేయడమెందుకని చేలు మరింత బీడు పడ్డాయి. జొన్న తగ్గితే చొప్ప తగ్గుతుంది. చొప్ప లేక పశువులు తగ్గుతాయి. పశువులు తగ్గితే ఎరువు ఉండదు, ఎరువు లేక నేల ఇంకా చెడుతుంది. ఊరిలో కూలి పనులూ తగ్గుతాయి. ఒక్క గింజ మారితే ఇంత మారుతుందన్నది ఆర్థికశాస్త్రం చదివే పిల్లలు గమనించదగ్గ విషయం.

దీనికి 1990ల మధ్యలో సంఘాలు కనిపెట్టిన మార్గమే ‘ధాన్య నిధి’. ముప్పైకి పైగా గ్రామాలలో, రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమిని సాగులోకి తెచ్చారు. దున్నడానికి, ఎరువుకు, విత్తడానికి, కలుపుకు రైతుకు విడతలుగా అప్పు ఇచ్చారు. ఆ అప్పును రైతు రూపాయలలో కాక జొన్నల రూపంలో కొన్నేళ్లపాటు తీర్చాలి. వచ్చిన గింజలను ఊరిలోనే, సంఘం వారి అజమాయిషీలో నిల్వ చేశారు. వానకాలంలో, పాత గింజలు అయిపోయి కొత్త పంట రాని నెలలలో, వాటిని బజారు ధర కంటే చాలా తక్కువకు పేద ఇళ్లకు అమ్మారు. అలా వచ్చిన డబ్బు తిరిగి బీడు భూముల బాగుకే వెళ్లింది.

ఎవరు పేద అన్నది నిర్ణయించిన తీరు కూడా చెప్పుకోవలసినదే. ఏ కార్యాలయం నుంచీ జాబితా రాలేదు. ఊరివారంతా ఒకచోట చేరి, నేలమీద రంగుల ముగ్గుపిండితో ఊరి పటం గీసి, ఒక్కొక్క ఇంటిని గురించి అందరి ముందు మాట్లాడుకున్నారు. పొరుగింటి పొయ్యి సంగతి పొరుగింటికి తెలిసినంతగా అధికారికి తెలియదు కదా!

ఇక సాగు విధానం. ఈ మహిళలు ఒకే చేనులో పది, పదిహేను, కొన్నిసార్లు ఇరవై రకాల పంటలు కలిపి వేస్తారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు (అంటే రాగులు), కంది, పెసర, అనుము, నువ్వు, గోంగూర – ఇలా. మన చూలై అంగడిలో చోళం, కంబు, తినై, సామై అని అడిగి కొనేవి ఈ గింజలే. కంది వేరు లోతుకు పోతుంది, కొర్ర వేరు పైపైనే ఉంటుంది. కాయధాన్యాల వేళ్లలోని బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. అన్నీ ఒకేసారి కోతకు రావు కనుక ఒక వాన తప్పితే ఒక పంట పోతుంది గాని చేనంతా పోదు. కలుపు అని మనం పీకి పారేసే తుమ్మి, గునుగు, దొగ్గలి కూడా వారి ఇంట కూరే.

విత్తనం వారు బజారులో కొనరు. పేడ, మట్టి కలిపి అలికిన బుట్టలలో బూడిద, వేపాకు వేసి దాస్తారు. సంఘం నుంచి ఒక కొలత విత్తనం తీసుకున్నవారు పంట రాగానే రెండు కొలతలు తిరిగి ఇస్తారు. మధ్యలో డబ్బు లేదు, సంతకం లేదు.

చదువు రాకపోతే తమ మాట లోకానికి చేరదని వీరు ఊరుకోలేదు. వీడియో కెమెరా పట్టడం నేర్చుకుని, 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వరంగల్ రైతుల అనుభవాలను చిత్రీకరించారు. రేడియో కోసం మాత్రం చాలా ఏళ్లు ఎదురుచూశారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పినా, లైసెన్సులు మొదట విద్యాసంస్థలకే దక్కాయి. మన చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో ‘అన్నా ఎఫ్.ఎం.’ 2004లో మొదలైంది ఆ విధంగానే. స్వచ్ఛంద సంస్థలకు 2006లో గాని దారి తెరవలేదు. అంతవరకు మాచనూరు మహిళలు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాలలో వినిపించేవారు. చివరకు 2008 అక్టోబరు 15న ‘సంఘం రేడియో’ గాలిలోకి వచ్చింది. దానిని నడిపినవారు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు.

తల్లిదండ్రులకు ఆసక్తి కలిగించేది మాచనూరులోని ‘పచ్చసాలె’. పనికి వెళ్లే పిల్లల కోసం 1990లలో పెట్టిన బడి ఇది. ఇక్కడ పదవ తరగతి పరీక్షకు చదివిస్తూనే వడ్రంగం, కుండలు చేయడం, కుట్టుపని, పుస్తకాల బైండింగు, వ్యవసాయం నేర్పారు. చేతిపని వచ్చిన పిల్లకు చదువు తక్కువ కావాలని ఏ నియమమూ లేదు!

ఇందులో చిక్కులు లేవా? ఉన్నాయి. ఇరవై పంటలు కలిసిన చేనును కోసే యంత్రం లేదు, అంతా చేతి పనే. బస్సెక్కి పట్నానికి పోయి జీతం తెచ్చుకునే కొడుకును, కోడలిని ఈ చేలలో నిలపడం సులభం కాదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంలో కిలో రూపాయికి చిరుధాన్యాలు ఇవ్వాలని చేరింది. అందుకోసం పోరాడినవారిలో సతీష్ గారు, ఈ సంఘాలు ఉన్నారు. కానీ చట్టంలోకి వచ్చినంత తేలికగా గింజ రేషను దుకాణంలోకి రాలేదు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంఘాలకు ‘ఈక్వేటర్ ప్రైజ్’ ఇచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ తరువాత కొర్రలు నగరాలలో ఖరీదైన తిండి కావడం కూడా చూస్తున్నాము.

ప్రాజెక్టు పనికి వెళ్లదలచిన విద్యార్థులకు ఒక మాట. జహీరాబాదు, హైదరాబాదు నుంచి ముంబై వైపు వెళ్లే రహదారి మీద, సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. సంక్రాంతికి అక్కడ ‘పాత పంటల జాతర’ మొదలవుతుంది. విత్తనాల బుట్టలతో అలంకరించిన ఎడ్లబండ్లు దాదాపు నెల రోజులు ఊరి తరువాత ఊరు తిరుగుతాయి. ప్రతి ఊరిలో బండ్లకు హారతి ఇచ్చి, చెట్టు కిందనో సంఘం ఇంటి ముందో కూర్చుని, ఏ విత్తనం ఎవరి దగ్గర మిగిలిందో, ఏది ఎవరికి కావాలో మాట్లాడుకుంటారు. నోటు పుస్తకంతో వెళ్లి ఆ మాటలు వినవచ్చు.