సూర్యుడి గుట్టు... చిటికెడు ఇనుములో!

1868 ఆగస్టు 18. గుంటూరు నుంచి మచిలీపట్నం దాకా పట్టపగలే చీకటి కమ్మింది. ఆ రెండు ఊళ్ల నడుమ, కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు మీదుగానూ సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సాగిపోయింది. సూర్యుడిలో ఏముందన్న వెతుకులాట ఆ రోజు వేగం అందుకుంది. ఇప్పటికీ ముగియలేదు!

పసుపు గీత

ఫ్రాన్స్ శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు సిద్ధం చేసుకున్నారు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల కాంతిని విడగొట్టి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో పసుపు గీతను చాలామంది సోడియందే అనుకున్నారు. అది వేరని అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ గుర్తించాడు. అదే హీలియం. భూమ్మీద అది 1895లో విలియం రామ్సేకి దొరికింది.

మంచుతెర లెక్క

ఏమేం ఉన్నాయో తెలిస్తే చాలదు. ఆ మిశ్రమం కాంతిని ఎంతగా అడ్డుకుంటుందో కూడా లెక్కగట్టాలి. ఈ గుణమే అపారదర్శకత. చలికాలం తెల్లవారుజామున ఏటిగట్టు మీద మంచు పడితే బండి లైటు నాలుగు బారలు కూడా పోదు కదా... అలాగన్నమాట. సూర్యగర్భంలో పుట్టిన శక్తి అడుగడుగునా అడ్డంకులు దాటుకుంటూ పైకి రావడానికి వేల ఏళ్లు పడుతుంది. అక్కణ్నుంచి మనల్ని చేరడానికి ఎనిమిది నిమిషాలే!

లోపలి వేడికి పరమాణువుల నుంచి ఊడిపోయిన ఎలక్ట్రాన్లు కాంతిని చెదరగొడతాయి. గ్రాము హైడ్రోజన్ ఇచ్చే ఎలక్ట్రాన్లలో గ్రాము హీలియం ఇచ్చేవి సగమే. అందుకే హైడ్రోజన్ 0.4 చదరపు సెంటీమీటర్ల మేర కాంతికి అడ్డుపడితే, హీలియం 0.2 మేరే అడ్డుతుంది. 70, 30 పాళ్లలో కలిపితే 0.34. ఇంతవరకూ తేలికే.

ఇనుముతోనే చిక్కు

మిగతా మూలకాలన్నీ కలిపినా బరువులో రెండు శాతానికి మించవు. కానీ ఇనుము లాంటివి అంత వేడిలోనూ కొన్ని ఎలక్ట్రాన్లను వదులుకోవు. వాటితోనే కాంతిని మింగేస్తాయి. కూరలో ఉప్పులా... కొంచెమే అయినా ప్రభావం మొత్తం మీద!

అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో ఇనుమును సుమారు 20 లక్షల డిగ్రీలకు వేడిచేసి కొలిచారు. 2015లో వెల్లడైన ఫలితం ప్రకారం, కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గర దాని అపారదర్శకత సిద్ధాంతం చెప్పినదానికన్నా 30 నుంచి 400 శాతం ఎక్కువ! పొరపాటు సిద్ధాంతానిదా, ప్రయోగానిదా అన్నది ఇంకా తేలలేదు.

తేలాల్సిందే మరి. ఇతర నక్షత్రాల వయసు లెక్కగట్టడానికి సూర్యుడే కొలబద్ద. కొలబద్దే సరిగా లేకపోతే కొలతలన్నీ మారిపోతాయి.