పాత ఏసీలో ధర పలకని సరుకు

పాత సామాన్లు కొనేవాళ్ళు ఏసీని చూసే పద్ధతే వేరు. కంపెనీ పేరుతో వాళ్ళకు పెద్దగా పని లేదు. అవుట్‌డోర్ యూనిట్ వెనక కాయిల్ పైపులు రాగివా, అల్యూమినియంవా అని ముందు చూస్తారు. ఆ తర్వాత కంప్రెసర్. దాని ఉక్కు డిప్ప లోపల మోటారుకు చుట్టిన తీగ రాగిదైతే రేటు పెరుగుతుంది. కొన్ని మోడళ్ళలో కాయిలూ, తీగా రెండూ అల్యూమినియమే కాబట్టి వాటికి ఎంత బేరమాడినా పెద్దగా రాదు. ఇనప రేకు, ప్లాస్టిక్ చివర్న లెక్కకొస్తాయి.

ఈ లెక్కలో ఎక్కడా కనపడనిది లోపలి గ్యాస్. ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీలో ఇంచుమించు ఒక కిలో ఉంటుంది. తుక్కు బేరంలో దానికి ధర లేదు, పైగా విప్పే పనికి అడ్డం. అందుకని పైపు కోసేస్తారు. కాసేపు బుస్సుమంటుంది, అంతే. ఏసీ మొత్తంలో అన్నిటికంటే జాగ్రత్తగా దించాల్సింది ఏదో అదే ముందుగా గాలిలో కలిసిపోతుంది.

ఆ కిలో గ్యాస్ చేసే పని చిన్నదేం కాదు. పదిహేనేళ్ళ కిందట కొన్న ఏసీల్లో ఎక్కువగా ఉండేది ఆర్-22. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. వేడిని పట్టి ఉంచడంలో వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 1,800 రెట్లు బలమైనది. అంటే ఒక కిలో వదిలితే దాదాపు 780 లీటర్ల పెట్రోలు కాల్చినంత. తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్ జోలికి పోదు గానీ, వేడి సంగతిలో ఆర్-22 కంటే ఓ మెట్టు పైనే, 2,000 రెట్లు దాటుతుంది. ఇప్పుడు కొత్త ఏసీల్లో విరివిగా వాడుతున్న ఆర్-32 ప్రభావం 675 రెట్లు. తగ్గిన మాట నిజమే, అయినా గాలిలోకి వదిలేయదగ్గది కాదు.

ఈ వాయువుల గుట్టు బయటపడిన కథలో మన సికింద్రాబాద్‌కూ చోటుంది. తమిళనాడుకు చెందిన వీరభద్రన్ రామనాథన్ ఇంజినీరింగ్ చదివాక, 1960ల్లో సికింద్రాబాద్‌లోని ఒక రిఫ్రిజిరేటర్ల కంపెనీలో పనిచేశారు. ఫ్రిజ్‌లలోంచి గ్యాస్ ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం ఆయనకు అప్పజెప్పిన పని. తర్వాత అమెరికా వెళ్ళి వాతావరణ శాస్త్రంలోకి మళ్ళారు. ఆనాడు ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వేల రెట్లు బలమైనవని 1975లో ‘సైన్స్’ పత్రికలో నిరూపించారు. కారిపోయిన గ్యాస్ ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు అంత పెద్ద జవాబు దొరికి యాభై ఏళ్ళయింది. అదే ఊళ్ళో ఈనాటికీ పైపులు కోసి గ్యాస్ వదిలేయడం నాకు మింగుడుపడదు.

ఇక్కడే ఇంకో అపోహ కూడా తీర్చుకోవాలి. వాడేకొద్దీ ఏసీలో గ్యాస్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు, ఏటా ఎండాకాలం రాగానే నింపిస్తారు. గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది, ఖర్చవదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. విశాఖలాంటి సముద్రతీరంలో ఉప్పుగాలికి, మురుగునాలాల పక్కన హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కాయిల్ త్వరగా చిల్లులు పడుతుంది. చిల్లు మూయకుండా నింపిన ప్రతిసారీ మన డబ్బుతోపాటు గ్యాసూ గాలిలో కలుస్తుంది. మరమ్మతుకు లొంగని కాయిల్ ఉన్న ఏసీని తుక్కుకు పంపడమే నయం.

పంపే దారి మాత్రం ముఖ్యం. విప్పేవాళ్ళ ఆరోగ్యం కూడా దాని మీదే ఆధారపడి ఉంది. ఈ వాయువులు గాలికంటే బరువైనవి. ఇరుకు గదిలో వదిలితే నేలమట్టాన చేరి ఊపిరాడనివ్వవు. గ్యాస్ మిగిలి ఉన్న పైపు మీద మంట పెడితే విషవాయువులు పుడతాయి, ఆర్-22లో క్లోరిన్ ఉండటంతో ఫాస్జీన్ కూడా రావచ్చు. ఆర్-32కు నిప్పంటుకునే గుణం ఉంది. తీగల మీది ప్లాస్టిక్‌ను కాల్చి రాగి తీసేచోట వచ్చే పొగ మరో విషం. కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది, ప్లగ్ తీసేసినా షాక్ కొడుతుంది. 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము అంటుకుని, పైన నిద్రపోతున్న పదకొండుమంది బిహార్ కూలీలు చనిపోయారు. ఆ ప్రమాదానికి ఏసీలు కారణమని నేననడం లేదు. మన ఇంటి నుంచి దిగిన సామాను చివరకు ఎలాంటి చోట్లకు, ఎలాంటి మనుషుల చేతుల్లోకి చేరుతుందో గుర్తుంచుకోవాలనే చెబుతున్నాను.

చట్టం లేదా అంటే ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల కింద, అమ్మిన కంపెనీలే పాత ఏసీల రీసైక్లింగ్ బాధ్యత మోయాలి. రిజిస్టరైన రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొని తమ లక్ష్యం పూర్తిచేసినట్టు చూపాలి. చిక్కేమిటంటే ఆ సర్టిఫికెట్లు బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం లెక్కన పుడతాయి. వీధి బేరంలాగే ఇక్కడా తూకం లోహాలదే. పట్టి ఉంచిన ప్రతి కిలో గ్యాస్‌కూ రీసైక్లర్ చేతికి నాలుగు డబ్బులొచ్చే ఏర్పాటు ఉండాలన్నది నా అభిప్రాయం. పట్టిన గ్యాస్‌ను శుద్ధిచేసి మళ్ళీ వాడొచ్చు కూడా. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2030 నాటికి ఆర్-22 లాంటి వాయువుల వాడకాన్ని మనం దాదాపుగా ఆపేయాలి. పాత ఏసీల్లో మిగిలిన గ్యాస్‌కు అప్పుడు ఇంకా విలువ పెరుగుతుంది.

అంతదాకా ఇంట్లో మనం చేయగలిగింది ఒకటుంది. ఇల్లు మారేటప్పుడు మెకానిక్ గ్యాస్ లాక్ చేస్తాడు కదా, అమ్మేటప్పుడూ అదే చేయించాలి. ఏసీ కూలింగ్‌లో నడుస్తుండగా అవుట్‌డోర్ యూనిట్ దగ్గర సన్న పైపు వాల్వ్‌ను అలెన్ కీతో మూస్తాడు. కొద్ది నిమిషాల్లో కంప్రెసర్ గ్యాస్‌నంతా తనవైపు లాక్కుంటుంది. వెంటనే లావు పైపు వాల్వ్ మూసి, స్విచ్ ఆపేస్తాడు. సొంతంగా ప్రయత్నించొద్దు. లోపలికి గాలి చొరబడితే ఆయిల్‌తో కలిసి కంప్రెసర్ పేలిపోగలదు.

లాక్ చేస్తే గ్యాస్ ప్రయాణం వాయిదా పడుతుంది తప్ప ఆగదు. తర్వాతి చేతుల్లో దాన్ని సిలిండర్‌లోకి పట్టే రికవరీ యంత్రం ఉండాలి. విండో ఏసీకి అలాంటి వాల్వులే ఉండవు, కంప్రెసర్ పోయిన స్ప్లిట్ ఏసీలో వాల్వులున్నా గ్యాస్‌ను లాగే దిక్కుండదు. వాటికి మొదటే ఆ యంత్రం కావాలి. కాబట్టి ఎక్స్చేంజ్ కింద ఇచ్చినా, కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసినా, పాతది ఏ రీసైక్లర్‌కు వెళ్తుందో, గ్యాస్ పట్టే యంత్రం వాళ్ళ దగ్గరుందో లేదో అడగండి. రిజిస్టరైన రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో దొరుకుతుంది. అవుట్‌డోర్ యూనిట్ పక్కన అంటించిన స్టిక్కర్ మీద గ్యాస్ పేరు, కంపెనీలో నింపిన బరువు ఉంటాయి. ఎండకు వెలిసిపోకముందే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, రీసైక్లర్‌తో మాట్లాడేటప్పుడు అడిగే మొదటి సంగతి అదే.