మే పుష్పానికి చలికాలపు నిద్ర

పూలమొక్కల పెంపకం మీద వచ్చిన ఇంగ్లీషు పుస్తకాలు చాలామటుకు చలిదేశాలవారు వ్రాసినవి. కుండీలలో పెంచే అగపాంథస్ అనే నీలిపూల మొక్కను గురించి వాటిలో పేజీలకు పేజీలు కనిపిస్తాయి. మంచు పడకముందే కుండీని ఇంట్లోకి చేర్చండి, చలి తగ్గేదాకా నీళ్లు తగ్గించండి అని చెబుతారు. అది దక్షిణాఫ్రికా మొక్క. మన దేశంలో కొడైకెనాల్, ఊటీ వంటి కొండలమీద చక్కగా పూస్తుంది. బెజవాడలో మాత్రం దాని జోలికి పోకపోవటమే మేలు. మన రోహిణీకార్తె ఎండలో అది సుఖపడదు. దాని పూతకు కావలసిన చల్లదనం మన చలికాలంలో లేదు.

అయితే మనకు వచ్చిన లోటేమిటి? అదే ఆఫ్రికా ఖండం నుంచి వచ్చి మన పెరళ్లలో స్థిరపడిన గడ్డమొక్క మరొకటి ఉంది. ఏడాదికి ఒక్కసారి, వడగాడ్పులు కొట్టే రోజుల్లో, ఖాళీగా కనిపించే మట్టిలోంచి కాడ తీసి ఎర్రని బంతిలా విచ్చుకుంటుంది. మనం మే పుష్పం అంటాం. శాస్త్రజ్ఞులు పూర్వం హీమాంథస్ అనేవారు, 1976లో స్కాడాక్సస్ మల్టీఫ్లోరస్ అని మార్చారు. ఆ బంతి ఒక్క పువ్వు కాదు సుమండీ! బాగా బలిసిన గడ్డ అయితే ఒకే కాడ మీద నూరు దాటి రెండువందల దాకా చిన్న పూలు ఉంటాయి. వారం రోజుల వైభవం, అంతే.

“మా ఇంట్లో మూడేళ్లుగా ఆకులే గాని పువ్వు లేదండీ” అని అడిగేవారు ఎందరో. వారు మే నెలలో ఏం చేశారో నేను అడగను. నవంబరు నుంచి మార్చి దాకా ఆ కుండీ ఎక్కడుందని అడుగుతాను.

మనకు చలికాలమంటే చామంతుల కాలం, ముద్దబంతుల కాలం. ధనుర్మాసంలో ముగ్గుల మధ్య ఏ కుండీ చూసినా కళకళలాడుతుంది. ఆ సమయంలో మే పుష్పం ఆకులు పసుపు తిరిగి వాలిపోతాయి. చచ్చిపోయిందని కొందరు కుండీ బోర్లించి కొత్తిమీర చల్లుకుంటారు. జాలిపడి రోజూ చెంబెడు నీళ్లు పోసేవారు మరికొందరు. మా పక్కింటి పిన్నిగారు ఈ రెండో రకం. “నోరులేని మొక్క గదమ్మా, దాహమవదూ?” అంటారు. నిద్రపోయే పిల్లవాడికి అన్నం పెడతామా పిన్నిగారూ, అంటే నవ్వేస్తారు గాని చెంబు మాత్రం వదలరు. ఆకు లేని గడ్డ నీరు తాగదు. తాగని నీరు దాన్ని కుళ్లబెడుతుంది.

పడమటి దేశాలవారికి భయం మంచు. మనకా భయం లేదు. విజయవాడలో తెల్లవారుజామున 15 డిగ్రీలకు దిగువ పోవటమే అరుదు. మన భయం వాన. గడ్డ పడుకునే వేళకే బంగాళాఖాతంలో తుఫానులు లేస్తాయి. 1977లో దివిసీమను ఉప్పెన ముంచింది నవంబరు 19ననే గదా. అందుచేత ఆకులు పూర్తిగా ఎండిన తరువాతనే వాటిని తీసేసి, కుండీని చూరు కిందికో, మెట్ల కిందికో చేర్చండి. పచ్చిగా ఉండగా కోయవద్దు. ఆ ఆకుల బలం గడ్డలోకి దిగాలి. కుండీమీద పేరు వ్రాసి ఉంచితే కొత్తిమీర బాధ తప్పుతుంది. గడ్డను పైకి తీసి దాచేవారు వంటింటి ఛాయలకు మాత్రం రానీయకండి. చూడటానికి ఉల్లిగడ్డలా ఉంటుంది గాని విషం. ఆఫ్రికాలో కొన్ని తెగలవారు బాణాల విషంలో కలిపేవారట.

ఉగాది వెళ్లాక, ఏప్రిల్ నడుమ ఒకసారి తడపండి. ముక్కు కనిపించాక క్రమంగా నీరివ్వండి. మన డెల్టా నల్లమట్టి ఒక్కటే పోస్తే నీరు దిగదు. కాలవ ఒండ్రు రెండుపాళ్లు, కృష్ణ ఇసుక ఒకపాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒకపాలు కలుపుకోవాలి. ఎనిమిదంగుళాల మట్టికుండీ చాలు. గడ్డ మెడ మట్టిపైకి కనిపించాలి. తూర్పు వసారా నీడ దానికి హాయి. పువ్వు వాడాక ఆకులు వస్తాయి. అసలు సేవ అప్పుడే చెయ్యాలి, ఎందుకంటే వానకాలంలో ఆ ఆకులు సంపాదించినదే మరుసటి మే నెల పువ్వు.

ఆ ఆకులు పోతే ఏమవుతుందో మా వదిన ఇంట్లో చూశాను. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు వాళ్ల కుండీలన్నీ రోజుల తరబడి మురుగునీళ్లలో ఉన్నాయి. బీరువాలు, పరుపులు వీధిలోకి పారేస్తూ, నాలుగు గడ్డలు మాత్రం గుడ్డలో కట్టి నాకు తెచ్చి ఇచ్చింది. “అత్తయ్యగారు నాటినవి వదినా, పారెయ్యటానికి చేతులు రాలేదు” అన్నది. మా అమ్మ అవనిగడ్డ నుంచి తెచ్చి నాటిన గడ్డలవి. అమ్మ పోయి ఆరేళ్లు.

రెండు మెత్తబడి చెయ్యి వేస్తే జారిపోయాయి. గట్టిగా ఉన్న రెండింటిని మంచినీళ్లతో కడిగి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, నీడలో పదిరోజులు ఆరనిచ్చి, ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో ఉంచాను. చలికాలమంతా చుక్క నీరు పోయలేదు. వదిన వచ్చినప్పుడల్లా మట్టి గీరి చూడబోయేది. 2025 మే నెలలో ఒకదానికి నిమ్మకాయంత పువ్వు వచ్చింది. రెండోదానికి ఆకులే. వానకాలపు సంపాదన లేనప్పుడు అంతకన్న అడగరాదు. వదిన మాత్రం ఆ నిమ్మకాయంత పువ్వును ఫోటో తీయించి అమ్మ పటం పక్కన పెట్టుకున్నది.

పువ్వు రానిదానికి ఇప్పుడు పక్కన ఒక పిల్లగడ్డ లేచింది. దాన్ని విడదీసి కూతురి కాపురానికి పంపుతానంటుంది వదిన. ఈ జాతికి కుండీలో ఇరుకే ఇష్టం, పిల్ల బలిసేదాకా ఇంకో ఏడాది ఆగమన్నాను.