పనిముట్ల పొది

మహానవమి నాడు సుత్తికి, కత్తెరకు, కొడవలికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టుట మన ఇండ్లలో ఆచారము. ఆ ఒక్క దినము అవి దేవతలు. మరునాటి నుండి వాటి స్థానమేది? సుత్తి మంచము క్రింద, స్క్రూడ్రైవరు వంటింటి గూటిలో, మేకులు పాత మందుల సీసాలో, రంపము స్నానాల గది మూలను పడియుండును. పని పడిన దినమున ఇల్లంతయు గాలించి, వస్తువు దొరకక, అంగడికి పోయి క్రొత్తది కొని తెచ్చుటయు కద్దు. పాతది దొరకునప్పటికి ఇంట రెండు సుత్తులుండును, రెండింటికిని చోటుండదు. నెల జీతముతో గడుపుకొను కుటుంబములకు ఈ నష్టము చిన్నది కాదు.

ఆయుధములను దాచుకొనుట మన వాఙ్మయమునకు క్రొత్త విషయము కాదు. పాండవులు విరాటనగరమున ప్రవేశించుటకు ముందు తమ ఆయుధములను జమ్మిచెట్టు మీద దాచినారు. వింటి నారులు సడలించినారు. అన్నిటిని కలిపి మూటగట్టినారు. నేల చెమ్మ తగులని ఎత్తున కట్టినారు. చూచినవారు శవమని భ్రమించి దగ్గరకు రాకుండునట్లు చేసినారు. ఏడాది తరువాత ఉత్తరుడు చెట్టెక్కి దింపగా అవి వెంటనే యుద్ధమునకు పనికివచ్చినవి. పొడిగా నుండుట, పరుల చేతికి అందకుండుట, తనకు కావలసిన క్షణమున దొరకుట - పనిముట్లు దాచు ఏ పెట్టెకైనను ఈ మూడే పరీక్షలు. అమ్ములు దాచుదానిని, మంగలి తన కత్తులు దాచుదానిని తెలుగువారు ఒకే మాటతో ‘పొది’ అనిరి. యోధునికైనను, వృత్తికారునికైనను సాధనము వెంటనే చేతికందవలసినదే గదా!

జమ్మి నేడు తెలంగాణకు రాష్ట్రవృక్షము. దాని ఆకును దసరానాడు బంగారమని పంచుకొను ఊళ్ళలో జహీరాబాదు ఒకటి. హైదరాబాదుకు పడమట నూరు కిలోమీటర్ల దూరమున, కర్ణాటక సరిహద్దుకు చేరువగా, పూనా నుండి మచిలీపట్టణము పోవు జాతీయ రహదారిపై ఉన్న పట్టణమిది. చుట్టుపట్ల చెరకు, అల్లము, ఆలుగడ్డ, చిరుధాన్యములు పండును. ట్రాక్టర్ల కర్మాగారమును కలదు. కావున పారయు పానాయు ఒకే కప్పు క్రింద ఉండు ఇండ్లు ఇచ్చట అరుదు కావు.

పూర్వపు ఇంటిలో పనిముట్టుకు ప్రత్యేకముగా పెట్టె అక్కరలేకుండెను. కొడవలిని చూరులో చెక్కెడివారు. ఉలికి గోడగూడు, పలుగునకు తలుపుమూల, త్రాళ్ళకు దూలపు కొక్కెము, అరుదుగా వాడు వస్తువులకు అటక ఉండెను. ఇల్లే పొదిగా నుండెను. సిమెంటు కప్పుల ఇండ్లు వచ్చిన తరువాత చూరు పోయినది, దూలము పోయినది, గోడగూడును పోయినది. పోయిన చోటును ఇప్పుడు డబ్బిచ్చి కొనవలసి వచ్చుచున్నది. కొనుట తప్పనప్పుడు ఏది కొనవలెనన్న విచారణయు తప్పదు.

మొదట శత్రువును ఎరుగవలెను. ఇనుము త్రుప్పు పట్టుటకు నీరు, ప్రాణవాయువు రెండును కావలెను. 1936లో స్వీడను దేశపు గోట్లాండు ద్వీపమున, ఎండగట్టిన చిత్తడినేలను దున్నుచున్న రైతు నాగలికి ఒక ఓకు చెక్క పెట్టె తగిలెను. అది సుమారు వెయ్యేండ్ల నాటి పనివాని పెట్టె. వడ్రంగి, కమ్మరి పనిముట్లు రెండువందలకు పైగా బయటపడినవి. నీటిలో మునిగియు అవి నిలుచుటకు కారణము, ఆ బురదలోనికి గాలి చొరకపోవుటయే. మన ఇండ్లలో గాలిని ఆపలేము. ఆపగలిగినది చెమ్మను మాత్రమే. గాలిలోని తేమ నూటికి అరువది పాళ్ళు దాటినప్పుడు ఇనుము త్రుప్పుపట్టు వేగము బాగుగా పెరుగునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వానకాలమున మన గదులలో తేమ ఆ హద్దును దాటుట సామాన్యము. చేతి చెమటలోని ఉప్పు దానికి తోడగును. తడి సుత్తిని మంచి పెట్టెలో పెట్టి బిగించిన యెడల ఆ పెట్టెయే త్రుప్పునకు నిలయమగును.

ఈ మర్మము జహీరాబాదు దగ్గరి పస్తాపూరు ప్రాంతపు రైతు స్త్రీలకు బాగుగా తెలియును. పాత పంటల విత్తనములను కాపాడుటలో పేరుపొందిన ఆ స్త్రీలు, గింజలను ముందు చక్కగా ఎండబెట్టి, బూడిదయు వేపాకును కలిపి, పేడ అలికిన బుట్టలలో భద్రపరచుదురు. ముందు ఆరబెట్టుట, ఆ తరువాతనే మూత పెట్టుట. పనిముట్టుకును క్రమమిదియే: తుడిచి, ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె పలుచగా పూసి, అటు పిమ్మట పెట్టెలో పెట్టవలెను. వంటనూనె పనికిరాదు, కొన్నాళ్ళకు జిగురై దుమ్మును పట్టుకొనును.

ఇక పెట్టెల సంగతి. మన అంగళ్ళలో అన్నిటికన్న నమ్మదగినది రేకు పెట్టె. దక్కను ప్రాంతమున దీనినే సందుక అందురు. రేకు మందమును గేజిలో చెప్పుదురు. గేజి అంకె పెరిగినకొలది రేకు పలుచనగును. 22 గేజి రేకు సుమారు 0.7 మిల్లీమీటర్లు, 26 గేజిది సుమారు అర మిల్లీమీటరు. బట్టలకు పలుచని రేకు చాలును. ఇనుప సామానుకు చాలదు. కొనునప్పుడు మూత నడుమ వ్రేలితో నొక్కి చూడవలెను. బందుల ఇరుసును, పిడి అతికిన చోటును పరీక్షింపవలెను. జింకు పూత ఉన్నచో మేలు. పూతపై గీత పడినను చుట్టునున్న జింకు ముందుగా తాను కరగి ఇనుమును కాపాడును. పెట్టెను నేలపై నేరుగా పెట్టక రెండు కొయ్యముక్కలపై నిలుపవలెను. మంచి రేకు ఎంతకాలము నిలుచునో తెలియగోరువారు పాత ఇండ్లలోని ఆల్విన్ బీరువాలను చూడవచ్చును. హైదరాబాదున 1942లో పుట్టిన ఆ సంస్థ పేరుతో 1980వ దశకమున ఈ జహీరాబాదులోనే సరకు వాహనములు తయారైనవి. నేడు ఆ సంస్థ లేదు. బీరువాలు మాత్రము ఇంకను తలుపులు తెరచుచు మూయుచునే ఉన్నవి.

చెక్క పెట్టె చూడ ముచ్చటైనదే కాని చెదలకు ప్రియమైనది. టేకుకు చెదలు తేలికగా పట్టవు; అయితే వెల హెచ్చు. ప్లాస్టికు పెట్టెకు త్రుప్పు లేదు, బరువు లేదు. కాని ఎండ తగిలిన ప్లాస్టికు పెళుసెక్కును. బరువైన పనిముట్లు నింపినచో మొదట పిడియు బందులును విరుగును. మేకులకు, మరలకు అది తగినది. సుత్తులకు, పానాలకు తగదు. జేబులు కుట్టిన మందపు గుడ్డను చాపవలె చుట్టుకొను పద్ధతి ఉలులకును, ఆకురాళ్ళకును మేలైనది; అంచు మొక్కవోదు, ఖర్చును స్వల్పము.

వెల విచారించునప్పుడు చిన్న లెక్క వేసికొనవలెను. మూడువందల రూపాయల పెట్టె మూడేండ్లకు విరిగిన యెడల ఏటికి నూరు రూపాయలు. తొమ్మిదివందల పెట్టె ఇరువదియేండ్లు నిలిచిన యెడల ఏటికి నలుబదియైదు. అట్లని పెద్దదే మేలనుకొనరాదు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల పెట్టె 54 లీటర్లు పట్టును. అందులో పదవవంతు మాత్రమే ఉక్కు నిండినను, లీటరు ఉక్కు సుమారు 7.85 కిలోగ్రాములు గనుక, బరువు నలుబదిరెండు కిలోగ్రాములు దాటును. దానిని ఒక్కడు ఎత్తుట కష్టము. లోతైన పెట్టెలో కావలసిన వస్తువు ఎప్పుడును అడుగుననే ఉండును. స్వీడనులో దొరకిన పెట్టె పొడవు సుమారు 90 సెంటీమీటర్లు కాగా ఎత్తు 24 మాత్రమే. ఆనాటి పనివాడును లోతును కోరలేదు. ఒక పెద్దదానికన్న రెండు చిన్నవి మేలు. లోతు తప్పనిచోట పైన ఒక పలుచని తట్ట అమర్చుకొనవలెను.

ఈ విషయము ఇంటితో ముగియదు. 1937లో వార్ధా సభ చేతిపనిని విద్యకు కేంద్రము చేయవలెనన్నది. 1964-66 నాటి కొఠారీ సంఘము పని అనుభవమును పాఠ్యక్రమములో చేర్చుమన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలు పది దినములు పుస్తకాల సంచి లేక వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి వారి వద్ద పని నేర్వవలెనన్నది. ఇన్ని ఆశయములును చివరకు ఒక బీరువా తాళపుచెవి మీద ఆధారపడుట కలదు. పనిముట్లు బయట నుండిన పోవునని, పిల్లలు గాయపడుదురని తాళము వేయుదురు. ఆ భయము న్యాయమైనదే. కాని తాళము తీయని బీరువాలోని రంపము ఏ విద్యార్థికిని కోత నేర్పదు. లోలోపల త్రుప్పు పట్టుట మాత్రము మానదు.

దీనికొక మధ్యమార్గము కలదు. పదునైనవి, విలువైనవి ఎత్తైన పెట్టెలో ఉపాధ్యాయుని తాళము క్రింద ఉండవచ్చును. సుత్తి, పట్టుకారు, కొలబద్ద, పానాల వంటి నిత్యపు వస్తువులను చెమ్మ ఎక్కని గోడపై ఒక పలకకు కొక్కెములు దిగగొట్టి తగిలింపవలెను. ప్రతి వస్తువు చుట్టును దాని ఆకారము రంగుతో గీయవలెను. కర్మాగారములలో చిరకాలముగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది. బడి విడిచిన తరువాత ఖాళీగా నున్న ఆకారమే ఏ వస్తువు తిరిగి రాలేదో చెప్పును. ఎవరిని దండింపవలసిన పని లేదు, సోదా చేయవలసిన పని లేదు. నెలకొక్కమారు ఇద్దరు విద్యార్థులు వాటిని తుడిచి నూనె పూసిన యెడల అదియు పాఠమే యగును.

కావున పెట్టె కొనుటకు ముందు చేయవలసిన పని అంగడిలో లేదు, ఇంటిలోనే ఉన్నది. ఉన్న పనిముట్లనన్నిటిని ఒకనాడు నేలపై పరచవలెను. రెండేసి ఉన్నవి, విరిగినవి వేరు చేయవలెను. మిగిలినవానిలో మిక్కిలి పొడవైనదానిని కొలిచి, మొత్తమును తూచి, ఆ కొలతలు కాగితముపై వ్రాసికొని బయలుదేరవలెను. అప్పుడు చాలమందికి కొనవలసినది ఒక చిన్న రేకు పెట్టెయు, ఒక పలకయు, గుప్పెడు కొక్కెములును మాత్రమే అని తేలును.