వేడెక్కిన పిమ్మట తడబడు ఇంజను



ఉదయమున తాడు లాగిన తోడనే చక్కగా నడచి, ఇరువది నిమిషములు గడచి ఒడలు వేడెక్కిన పిమ్మట తడబడ నారంభించు పెట్రోలు ఇంజనును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. మన మెకానిక్కులు ఈ రోగమును 'మిస్సింగు' అందురు. గోల్ఫు మైదానములలో తిరుగు చిన్న పెట్రోలు బండికిని, మన చేని గట్టున నీరు తోడు పంపునకును ఇంజను ఇంచుమించు ఒకే జాతిది. రోగము ఒకటే, పరీక్షయు ఒకటే. నాకు అనుభవమైనది పంపు విషయమున గనుక దానినే చెప్పెదను.

రేణిగుంటనుండి శ్రీకాళహస్తికి పోవు దారిలో ఏర్పేడు ఉన్నది. ఆ ప్రాంతమున స్వర్ణముఖి యేటి దరిని నాకు ఎకరమున్నర చేను కలదు. అచ్చటికి కరెంటు తీగ రాలేదు. ఏటి యొడ్డున త్రవ్విన ఊటగుంటనుండి చిన్న పెట్రోలు పంపుతో నీరు తోడుకొనవలెను. ఒకయేడు మాఘమాసమున, వేరుసెనగ ఊడలు దిగు సమయమున, ఆ పంపు మొరాయించినది. ఊడ నేలలోనికి దిగినగాని కాయ లేదు. నేల గట్టిపడినచో ఊడ దిగదు. ఆ వారము నీరు తప్పినచో పంట తప్పినట్లే.

పంపును మోటారు సైకిలుపై కట్టి పట్టణములో ఒక మెకానిక్కు కడకు గొనిపోతిని. ఆతడు ప్లగ్గు మార్చి, కార్బురేటరు కడిగి, తాడు లాగెను. ఇంజను ఒక్క లాగునకే అందుకొనెను. సంతోషముతో డబ్బిచ్చి వచ్చితిని. చేనిలో ఇరువది నిమిషములకు మరల అదే తంతు. రెండవసారియు అట్లే జరిగినది. ఇంతలో నాలుగు దినములు గడచెను. మెరక మీది మడులలో ఆకు వాడిపోయెను.

మా ఊర ఆయిలింజనుల నడుమ తల నెరసిన పెద్దనాయన యొకడు కలడు. ఆయనతో నా గోడు చెప్పుకొంటిని. ఆయన నవ్వి, "అబ్బయా, జ్వరం దిగినాక డాక్టరు దగ్గరికి పోతే ఆయన మాత్రం ఏం చూస్తాడు? నువ్వు అంగడికి చేరేలోగా ఇంజను చల్లారిపోయె. అది తప్పు చేసేటప్పుడే పట్టుకోవాల. ఒకసారికి ఒకటే ముట్టుకో" అనెను. మరునాడు తానే చేనికి వచ్చి గట్టుమీద కూర్చుండెను.

పెట్రోలు ఇంజను నడచుటకు నాలుగు వలయును: గాలి, దానితో తగుపాళ్ళలో కలిసిన పెట్రోలు, ఆ మిశ్రమమును బిగబట్టు ఒత్తిడి, సమయమునకు నిప్పురవ. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకొక ప్రేలుడు చొప్పున సెకనుకు 25 ప్రేలుడులు జరుగును. అందు కొన్ని తప్పినను చెవికి తడబాటు వినవచ్చును. ఈ నాలుగింటిలో ఏది వేడికి చెడుచున్నదో కనుగొనుటయే మా పని.

మొదట పెట్రోలును పరీక్షించితిమి. టాంకు మూతకు గాలి చొరుటకై సన్నని రంధ్రముండును. అది పూడినచో పెట్రోలు దిగిన కొలదిని లోపల వెలితి యేర్పడి, కొంతసేపటికి ధార తగ్గును. ఇది వేడి రోగమువలెనే కనబడును గాని వేడికిని దీనికిని సంబంధము లేదు. తడబాటు మొదలైన క్షణముననే మూత కొంచెము వదులు చేసితిమి. మార్పు లేదు. పిమ్మట చోకును సగము మూసితిమి. ఎండ వేడిమికి గొట్టములో పెట్రోలు ఆవిరియై బుడగలు కట్టినను, జెట్టులో నలక పడినను, ఇంజనునకు పెట్రోలు చాలదు. అట్టియెడల చోకు మూయగానే నడక కుదుటపడును. మా ఇంజను కుదుటపడుటకు మారుగా నల్లని పొగ వదలి మరింత తడబడెను. పెట్రోలు కొరత కాదని తేలినది. ఇచ్చట ఒక హెచ్చరిక: కాలుచున్న ఇంజనుకడ పెట్రోలు గొట్టమును ఊడదీయరాదు. ఒక్క చుక్క సైలెన్సరుపై పడినను ప్రాణాపాయము.

తరువాత నిప్పురవ. ప్లగ్గునకును దాని టోపీకిని నడుమ తగిలించు చిన్న టెస్టరు దీపమొకటి దొరకును. ఇంజను సరిగా నడచునంతసేపు అది ఎడతెగక మెరయుచుండెను. ఇరువది నిమిషములు దాటినంతనే ఇంజను తడబడినప్పుడెల్ల దీపమును ఆరిపోయెను. దొంగ దొరికినాడని నేను కేకవేసితిని. పెద్దనాయన మాత్రము, "ఇంకా లేదు. వీధి తెలిసింది, ఇల్లు తెలియల" అనెను.

నిప్పురవ పుట్టు విధమును కొంచెము చెప్పవలెను. ఇట్టి ఇంజనులలో చక్రమునకు అమర్చిన అయస్కాంతము తిరుగుచు కాయిలు ప్రక్కగా పోవును. కాయిలులో లావు తీగ కొన్ని చుట్లును, వెండ్రుకవంటి సన్న తీగ వేలకొలది చుట్లును ఉండును. సన్న తీగయందు వేల వోల్టుల ఒత్తిడి పుట్టి ప్లగ్గు సందున రవ్వగా దుముకును. 1902లో జర్మనీ దేశమున రాబర్ట్ బాష్ కర్మాగారమునందు గాట్లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు రూపొందించిన అధిక వోల్టేజి మాగ్నెటోయే ఈ పద్ధతికి మూలము.

రవ్వ తప్పుటకు కారణము ప్లగ్గు కావచ్చును, తీగ కావచ్చును, కాయిలు కావచ్చును. జేబులోనున్న మంచి ప్లగ్గు వేసి చూచితిమి, గుణము లేదు. ఇంజను నాపు స్విచ్చి, నూనె తగ్గినపుడు దానంతట అదే ఆపు స్విచ్చి, ఇవి రెండును కాయిలును ఇంజను ఒడలికి కలిపి రవ్వను చంపును. ఆ తీగ తొడుగు కరగి ఎచ్చటనైన ఒడలికి తగిలినను వేడిలో ఇదే రోగము వచ్చును. ఇంజనును ఆపి, ఆ తీగను విప్పి, మరల నడపితిమి. అట్లు విప్పినపుడు స్విచ్చితో ఇంజను ఆగదు; పెట్రోలు కొళాయి కట్టివేయవలెనని ముందే జ్ఞాపకముంచుకొనవలెను. అప్పటికిని తడబాటు పోలేదు. ఇక మిగిలినది కాయిలే.

వెంటనే ఇంజనును ఆపి, వేడిగా నుండగనే మల్టీమీటరు పెట్టితిమి. సన్న తీగ చుట్టలో ప్రవాహమే లేదు. అరగంట చల్లారనిచ్చి మరల చూడగా మీటరు సరియైన కొలతనే చూపెను. రాగి తీగ 20 డిగ్రీలనుండి 80 డిగ్రీలకు వేడెక్కినచో దాని నిరోధము సుమారు నాల్గవవంతు పెరుగుట సహజమే. మంచి కాయిలు దానిని తట్టుకొనును. మా కాయిలులో ఎచ్చటనో తీగ విరిగి, చల్లగా నున్నపుడు కొనలు అంటియుండి, వేడికి చుట్టునున్న పూత వ్యాకోచింపగా విడిపోవుచుండెను. అంగడిలో చల్లని కాయిలును ఎన్నిసార్లు కొలిచినను ఈ సంగతి తెలియకపోవుటలో వింత లేదు.

క్రొత్త కాయిలు బిగించునప్పుడు చక్రమునకును దానికిని నడుమ విజిటింగు కార్డంత సందు ఉంచితిమి. ఆ సాయంకాలము ఇంజను రెండు గంటలు ఆగక నడచినది.

రవ్వ సరిగా నుండియు తడబాటు పోనిచో వాల్వులను చూడవలెను. వేడికి వాల్వు కాడ సాగును. టాపెట్ సందు మిక్కిలి తక్కువైనచో వాల్వు పూర్తిగా మూసికొనక ఒత్తిడి జారిపోవును. వేడి ఇంజను తాడు లాగినపుడు చేతికి బరువు తగలదు. చల్లారిన ఇంజనుపై ఫిల్లర్ గేజితో ఆ సందును సరిచూడవలెను. ఇట్టి చిన్న ఇంజనులు కొన్నింటికి గాలి వాల్వు కడ 0.15, పొగ వాల్వు కడ 0.20 మిల్లీమీటర్లు ఉంచుదురు. మీ ఇంజనుకు ఎంత కావలెనో దాని పుస్తకములో చూచుకొనుడు.

ఆ యేడు పల్లపు మడులు కాయ నిచ్చినవి. మెరకమీది అర ఎకరము చేతికి రాలేదు. మెకానిక్కును నిందించుటకు నాకు నోరు రాలేదు. ఇంజను ఎన్ని నిమిషములకు తడబడుచున్నదో, ఎంతసేపు చల్లారిన మరల నడచుచున్నదో నేనాతనికి చెప్పియే యుండలేదు. ఇప్పుడు పంపు ప్రక్కన ఒక చిన్న నోటుబుక్కు ఉంచుకొనియున్నాను. మీ ఇంట అట్టి ఇంజను ఉన్నయెడల మీరును ఆ రెండు అంకెలు వ్రాసికొని, వీలైనచో మెకానిక్కునే చేనికి పిలిపించుడని మనవి చేయుచు విరమించుచున్నాను.