ముప్పైఆరు చిత్రాల పాఠం

జేబులోని ఫోనుతో వందలకొద్దీ ఛాయాచిత్రాలు తీయగల ఈ రోజుల్లో, ఛాయాచిత్రకళ అభ్యసించే యువతీయువకులు ఫిల్ము కెమెరాల వైపు, అందులోనూ అత్యంత ఖరీదైన వాటి వైపు ఆకర్షితులు కావడం పెద్దలకు వింతగా తోస్తుంది. ఇంట్లో అటువంటి కోరిక వినిపించినప్పుడు తల్లిదండ్రులు వెంటనే కొట్టివేయకుండా, అందులో విద్య ఎంతో, మోజు ఎంతో వేరుచేసి చూడడం ఉచితం.

ఈ ఆకర్షణకు పరాకాష్ఠ జర్మనీ దేశపు లైకా. సూక్ష్మదర్శినులకు పేరుపొందిన లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్, సినిమా ఫిల్మును వాడుకునే ఈ చిన్న కెమెరాను రూపొందించాడు. అది 1925లో విపణిలోకి వచ్చింది. 1948 జనవరిలో గాంధీజీ చివరి దినాలను చిత్రించిన ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు కార్తియే బ్రెసాఁ ప్రియసాధనమూ లైకాయే. 1984లో వెలువడి, 2002లో ఉత్పత్తి నిలిచిపోయిన ఎం6 నమూనాను ఆ సంస్థ 2022లో తిరిగి విడుదల చేసింది. అప్పటి ధర లెన్సు లేకుండానే అయిదువేల డాలర్ల పైమాట. అంటే నాలుగు లక్షల రూపాయలకు మించినది.

ఇంత ధరకు లభించేదేమిటి? సన్నని చప్పుడుతో పనిచేసే షట్టరు, రెండు ప్రతిబింబాలను ఒకటిగా కలిపి దూరాన్ని సరిచేసే రేంజ్‌ఫైండరు, దశాబ్దాలు మన్నే లోహనిర్మాణం. షట్టరు పూర్తిగా యాంత్రికం. బ్యాటరీ కాంతిమాపకానికే అవసరం. ఇవన్నీ నిజమైన గుణాలే.

అయితే 1976 నుంచి 1997 వరకు తయారై, విద్యార్థుల కెమెరాగా పేరొందిన జపాను దేశపు పెంటాక్స్ కె1000 షట్టరు కూడా యాంత్రికమే. రెండింటి గరిష్ఠ వేగమూ సెకనులో వెయ్యోవంతే. రెండింటిలోనూ పట్టేది అదే 35 మిల్లీమీటర్ల ఫిల్ము. ద్వారాన్ని ఒక మెట్టు కుదిస్తే కాంతి సగమవుతుంది. షట్టరును రెండింతల సేపు తెరవవలసి వస్తుంది. ఈ లెక్క కెమెరా ధరను బట్టి మారదు.

అసలు పాఠం ఫిల్ములోనే ఉన్నది. చుట్టకు 36 చిత్రాలే. తీసినది తక్షణం కనిపించదు. అందుచేత విద్యార్థి మీట నొక్కకముందే వెలుతురును అంచనా కట్టాలి, దృశ్యాన్ని మనసులో కూర్చుకోవాలి. ఫిల్ము కడిగిన తరువాత తన లెక్క ఎక్కడ తప్పిందో నెగటివే చెబుతుంది. ఈ నిగ్రహమే అతడు కోరుకుంటున్న విద్య.

ఒకప్పుడు మన ప్రభుత్వరంగంలోనే, ఉదకమండలంలో 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరిట ఫిల్ము తయారుచేసేది. ఆ ఉత్పత్తి ఆగిపోయింది. నేడు విదేశీ ఫిల్ముకు, కడగడానికి అయ్యే వ్యయం చుట్టచుట్టకూ భారమే. కనుక ఉన్న సొమ్మంతా కెమెరాకే వెచ్చిస్తే అభ్యాసానికి మిగిలేది శూన్యం.

పాత కెమెరా కొనేటప్పుడు లెన్సును వెలుతురుకెదురుగా పట్టి బూజు ఉన్నదేమో చూడాలి. తేమగల మన తీరప్రాంతాల్లో ఇది తరచు కనిపించే లోపం. సెకను వేగంలో షట్టరు నిలకడగా నడుస్తున్నదో లేదో చెవితో వినాలి. వెనుక తలుపు అంచున వెలుతురును అడ్డుకునే నురుగుపట్టీ చివికిపోతే మార్పించాలి.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఛాయాచిత్రకళకూ వర్తిస్తుంది. ముందు సామాన్యమైన కెమెరాతో పది చుట్టలు శ్రద్ధగా తీయనివ్వండి. ఆ తరువాత కూడా లైకా కావాలంటే, ఎందుకు కావాలో ఆ బిడ్డే స్పష్టంగా చెప్పగలుగుతాడు.