ఆటపెట్టెకు ఏ తీగ మంచిది?

గద్వాల జరీచీర ఉన్న ఇంట్లో దాన్ని బీరువాలో పెట్టి మరిచిపోరు. అప్పుడప్పుడు బయటికి తీసి, మడత మార్చి, మళ్ళీ లోపల పెడతారు. ఎందుకో మీ అమ్మను ఎప్పుడైనా అడిగారా? మేలిరకం జరీ అంటే పట్టుదారం చుట్టూ చుట్టిన సన్నని వెండితీగ. ఎంత సన్ననిదైనా అది లోహమే గదా! ఏళ్ళ తరబడి ఒకేచోట మడత పడితే అక్కడ జరీ విరుగుతుంది.

ఈ సంగతి తెలిసినవారికి వీడియో ఆటల పెట్టెలో ఏ తీగ వాడాలో సగం తెలిసినట్టే.

1978లో జపానులో "స్పేస్ ఇన్వేడర్స్", 1980లో "ప్యాక్‌మ్యాన్" అనే ఆటలు వచ్చాయి. బీరువా అంత పెట్టెముందు నిలబడి, నాణెం వేసి ఆడేవారు. అటూ ఇటూ వంచటానికి జాయ్‌స్టిక్కు అనే పిడి, నొక్కటానికి బటన్లు ఉండేవి. ఇప్పుడు అటువంటి పిడినీ, బటన్లనూ కొని, చెక్కపెట్టె మూతకు బిగించి, ఇంట్లో కంప్యూటరుకు కలుపుకునేవారు ఉన్నారు. పెట్టెలో ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ప్రతి బటన్ కిందా ఒక స్విచ్చి, ఆ స్విచ్చినుంచి బోర్డుకు ఒక తీగ. స్విచ్చి రెండో కాలికి మాత్రం వేరువేరు తీగలు అక్కరలేదు. ఒకే తీగను దండలాగా అన్ని స్విచ్చిలకూ కలుపుకుంటూ వెళ్ళి, బోర్డు మీద "గ్రౌండ్" అని రాసినచోట ముగించవచ్చు.

తీగ కోసం కొట్టుకు వెళితే, ఇంటి వైరింగుకు వాడే లావుపాటి తీగ ఇవ్వవచ్చు. లావుతీగ గట్టిది గదా, మంచిదేనేమో అనిపిస్తుంది. కాని లావు ఎందుకు కావాలి? ఎక్కువ కరెంటు సన్నతీగలో పోతే తీగ వేడెక్కుతుంది. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె 4 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. మన ఆటపెట్టెకు కంప్యూటరునుంచి వచ్చేది 5 వోల్టులే. బటన్ నొక్కితే పారే కరెంటు ఆంపియరులో కొన్ని వెయ్యోవంతులు మాత్రమే. 5 వెయ్యోవంతులు అనుకుందాం. 0.22 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ ఒక మీటరుకు చూపే నిరోధం సుమారు 0.08 ఓములు. రెంటినీ గుణించండి: తీగలో పోయేది 0.0004 వోల్టు. 5 వోల్టులలో అది పదివేలవ వంతైనా కాదు!

అందుచేత ఇక్కడ తీగకు శత్రువు వేడి కాదు, వంపు. మేస్త్రీలు ఇనపకడ్డీలు కట్టే తీగముక్కను ఒకేచోట ముందుకూ వెనక్కూ వంచి చూడండి. వంచినకొద్దీ అక్కడ గట్టిపడుతుంది, చివరకు పుటుక్కున తెగుతుంది. వంచినప్పుడు తీగ బయటివైపు సాగుతుంది, లోపలివైపు నొక్కుకుంటుంది. తీగ ఎంత సన్నమైతే ఈ సాగటం అంత తక్కువ. అందుకే ఒకే లావుతీగకు బదులు సన్నని పోగులు కలిపిన తీగ ఎక్కువకాలం మన్నుతుంది. దాని మీద "7/0.2" అని ఉంటే, 0.2 మిల్లీమీటరు మందం గల పోగులు 7 ఉన్నవని అర్థం. మన పనికి అది చాలు. "14/0.2" అయినా సరే.

జూరాలలోనూ, నాగర్‌కర్నూలు జిల్లాలో భూమి లోపల ఉన్న శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోనూ పుట్టే కరెంటును మోసే పెద్ద తీగలు సైతం ఒంటికడ్డీలు కావు, పోగులు పేనినవే.

ఇంటర్నెట్ కేబులు ముక్క మిగిలితే కొందరు దాన్ని విప్పి వాడతారు. లోపల 8 తీగలు, రంగురంగులవి, చూడ ముచ్చటగా ఉంటాయి. కాని సాధారణంగా గోడలో వేసే రకంలో ప్రతిదీ ఒంటితీగే. మూత తెరవకుండా ఉంటే పనిచేస్తుంది. నాలుగుసార్లు తెరిచి మూస్తే, పైతొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగవచ్చు. అప్పుడు బటన్ ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. తప్పు ఎక్కడుందో వెతకటం ఆటకన్న కష్టం!

పోగుల తీగకూ ఒక బలహీనత ఉన్నది. టంకం పెట్టినచోట పోగులన్నీ అతుక్కుని ఒంటితీగ అయిపోతాయి, సరిగ్గా దాని అంచునే తెగుతాయి. టంకానికి బదులు స్విచ్చి కాళ్ళకు లగ్గులు తొడిగితే, తీసి పెట్టటం తేలిక. టంకమే పెట్టదలిస్తే పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి. వనపర్తి రాజభవనంలో పెట్టిన పాలిటెక్నిక్కులో చదివే అన్నో అక్కో మీ వీధిలో ఉంటే మరీ మంచిది. గోడ ప్లగ్గు కరెంటును మాత్రం పెట్టెలోకి రానివ్వకండి.

గ్రౌండ్ తీగకు నలుపు, మిగతావాటికి వేరే రంగులు తీసుకోండి. మూత తెరుచుకునేవైపు జానెడు తీగ వదులుగా విడిచి, అతుకుకు రెండంగుళాల దూరంలో కట్టను చెక్కకు కట్టేయండి. అప్పుడు మూత ఎత్తినప్పుడల్లా వంగేది అతుకు కాదు, ఆ వదులుగా ఉన్న భాగమే.